పదునులో పాపమెంత

కళింగపట్నంలో పడవలు ఒడ్డుకు చేరే వేళకి చేపలు కోసే ఆడవాళ్ళు కత్తిపీటలు వేసుకుని కూర్చుంటారు. పీట మీద ఒక కాలు మోపి, రెండు చేతులా చేపను పట్టుకుని వాదర మీదికి తోస్తారు. చేప జారకుండా పక్కనే బూడిద. కత్తిపీట దగ్గర కత్తి కదలదు, కోసేదే కదులుతుంది. అందుకని వాదర ఎలా ఉందో కోసేవాళ్ళ రెండు చేతులకీ వెంటనే తెలిసిపోతుంది. కొనడానికి వచ్చినవాడికి ఇంకాస్త ఆలస్యంగా తెలుస్తుంది.

“ఏటమ్మా, కోస్తన్నావా, నలిపెస్తన్నావా?”

“కత్తి మొండైపోనాది బాబూ, ఉండు,” అంటూ పీట పక్కనుంచి అరచేతిలో ఇమిడే రాయి తీసి, నాలుగు చుక్కల నీళ్ళు చిలకరించి, వాదరకి అటూ ఇటూ రుద్ది, మళ్ళీ కోనెం ముక్కల పని అందుకుంటుంది. అరనిమిషం పని.

ఇంట్లో కత్తికి సాన ఎలా పెట్టుకోవాలన్నది వంటింటి సంగతి. రాయి కొనాలా, వీధిలోకి వచ్చే సానబండికి ఇవ్వాలా, ఆన్‌లైన్‌లో అమ్మే చీలికల పరికరంలో నాలుగుసార్లు లాగితే సరిపోతుందా? వీటన్నిటికీ ముందు ఇంకో ప్రశ్న ఉంది. పదును పెట్టడం అసలు ఎలాంటి పని? తెగ్గొట్టడానికే పుట్టిన వస్తువును ఇంకా బాగా తెగేట్టు చెయ్యడంలో పాపం పాలు ఏమైనా ఉందా? తీరిక ఉన్నవాళ్ళ ప్రశ్నలా వినిపిస్తుంది గానీ, రామాయణం దీన్ని పట్టించుకుంది. అశోకుడు పట్టించుకున్నాడు. భిక్షువుల నియమావళి పట్టించుకుంది. మహమ్మద్ ప్రవక్త పట్టించుకున్నారు. వాళ్ళందరి జవాబూ ఒకటి కాదు.

అన్నిటికంటే గట్టి అభ్యంతరం సీతది. అరణ్యకాండ తొమ్మిదో సర్గలో ఆమె రాముడిని నిలదీస్తుంది. దండకారణ్యంలో మునుల కోసం రాక్షసులను చంపుతానని రాముడు మాట ఇచ్చేశాడు. తమకు ఏ అపకారమూ చెయ్యనివాళ్ళ మీద విల్లెత్తడం ఆమెకు రుచించలేదు. అప్పుడొక కథ చెబుతుంది. అడవిలో ఒక తపస్వి ఉండేవాడు. ఇంద్రుడు భటుడి వేషంలో వచ్చి మంచి పదునైన ఖడ్గం ఒకటి ఇచ్చి, దాచిపెట్టమని చెప్పి వెళ్ళాడు. నమ్మి ఇచ్చిన సొత్తు పోతే మాట పోతుందని తపస్వి దాన్ని క్షణం వదల్లేదు. కందమూలాలకు వెళ్ళినా చేతిలో కత్తే. రోజూ మోయగా మోయగా అతని బుద్ధి మెల్లగా క్రూరత్వం వైపు ఒరిగింది. తపస్సు చెడింది, చివరికి నరకం దక్కింది. అతనికి ఎవరూ శత్రువు లేడు. కత్తి చేతిలో ఉండటమే సరిపోయింది.

రాముడు పదో సర్గలో జవాబిస్తాడు. ఆ జవాబులో సీత కథ తప్పన్న మాట లేదు. మాట ఇచ్చాను, మునులకు ఇచ్చిన మాట తప్పలేను అంటాడంతే. అంటే ఆయుధం మనసును మారుస్తుందన్న వాదం అక్కడ ఖండన లేకుండా అలాగే నిలిచిపోయింది. రామాయణాన్ని యుద్ధకథగా చదివేవాళ్ళు ఈ సర్గను చప్పున దాటేస్తారు. నిజానికి ఆ కాండలో ఇంత నిదానంగా ఆలోచించిన చోటు మరొకటి లేదు.

మరి కత్తిపీట మాటేమిటి? తపస్వి కత్తికీ దీనికీ ఒక తేడా ఉంది. అతని కత్తికి పని లేదు. ఎన్నేళ్ళు మోసినా దాని పదును తరగదు, ఆ తరగని పదును ఏదో ఒక పని అడుగుతూనే ఉంటుంది. వంటింటి కత్తి అలా కాదు. బెండకాయల దగ్గరా, కొబ్బరి దగ్గరా, చేప ముళ్ళ దగ్గరా రోజూ కొంచెం కొంచెం ఖర్చైపోతుంది. సీత భయం పనిలేని పదును గురించి. దాన్ని వంటింటికి ఉన్నది ఉన్నట్టు తెచ్చిపెట్టుకోనక్కర్లేదు.

అశోకుడి సంగతి ఇంకా చిత్రం. క్రీ.పూ. 261 ప్రాంతంలో కళింగ మీద జరిగిన యుద్ధంలో లక్ష మంది చనిపోయారనీ, లక్షన్నర మందిని చెరపట్టి తరలించారనీ పదమూడో శిలాశాసనంలో తనే చెప్పుకున్నాడు, పశ్చాత్తాపపడ్డాడు. దేశమంతా చదువుకునే పాఠం అది. కానీ ఆ శాసనం కళింగలో లేదు. ఋషికుల్య ఒడ్డున జౌగడలో గానీ, భువనేశ్వర్ దగ్గర ధౌలిలో గానీ పదకొండు, పన్నెండు, పదమూడు శాసనాలు చెక్కించలేదు. వాటికి బదులు స్థానిక అధికారులకు రెండు ప్రత్యేక శాసనాలు చెక్కించారు, ప్రజలను బిడ్డల్లా చూసుకోమని. ఓడినవాళ్ళ గుమ్మం ముందు వాళ్ళ శవాల లెక్క రాయించడం రాజనీతి కాదనుకున్నాడేమో.

అయితే మొదటి శాసనం మాత్రం కళింగలోనూ ఉంది. అది వంటింటి శాసనం. ఒకప్పుడు రాజుగారి వంటశాలలో కూరల కోసం రోజూ లక్షల ప్రాణులు తెగేవి. ఇప్పుడు మూడే తెగుతున్నాయి, రెండు నెమళ్ళు, ఒక జింక, ఆ జింక కూడా ప్రతిరోజూ కాదు. ఇకమీదట ఈ మూడూ ఉండవు. ఇదీ అందులోని సారాంశం. లక్షల లెక్కలో అతిశయోక్తి ఎంతైనా ఉండొచ్చు. ఆ చివరి మూడింటి లెక్కలో మాత్రం నిజాయితీ కనిపిస్తుంది. జింక రోజూ కాదు అని ప్రత్యేకంగా రాయించిన రాజు ఎవరో వంటవాడిని పిలిచి అడిగే ఉంటాడు. యుద్ధంలో గెలిచిన చక్రవర్తి కళింగ ప్రజలకు తన కత్తి గురించి చెప్పుకోదలచినప్పుడు, యుద్ధభూమి కత్తిని పక్కన పెట్టి వంటింటి కత్తి గురించి చెప్పాడు. ఎన్ని తెగుతున్నాయన్నదే అతని ప్రశ్న. కత్తి ఎంత పదునుగా ఉందన్నది కాదు.

కళింగపట్నం నుంచి వంశధార వెంట కాస్త పైకి వెళ్తే, నది దక్షిణపు గట్టున, కొండ మీద శాలిహుండం ఉంది. 1919లో ఈ బౌద్ధ శిథిలాలను మొదట గుర్తించింది గిడుగు రామమూర్తి. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు ఆయనే. స్తూపాలు, చైత్యాలు, ధాతుపేటికలు, తార, మారీచి విగ్రహాలు అక్కడ బయటపడ్డాయి. నదీముఖంలో రేవు, గట్టు మీద విహారం. వర్తకులూ భిక్షువులూ ఒకే దారిన నడిచిన చోటు.

భిక్షువుకు ఉండాల్సిన వస్తువులు ఎనిమిదని బౌద్ధ సంప్రదాయం లెక్క చెబుతుంది: మూడు చీవరాలు, భిక్షాపాత్ర, మొలతాడు, సూది, మంగలికత్తి, నీళ్ళు వడకట్టే గుడ్డ. ఆ చివరి రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలి. నీళ్ళలో కంటికి ఆనని పురుగు కూడా గొంతులోకి పోయి చావకూడదని వడగుడ్డ. అంత జాగ్రత్తపడే మనిషి సంచిలోనే తల గొరగడానికి పదునైన కత్తి. అంతటితో ఆగలేదు. పాళీ వినయపిటకంలో చుల్లవగ్గ అనే భాగం భిక్షువులు మంగలికత్తితో పాటు దానికి సానరాయినీ, ఒరనూ, మిగతా సరంజామానూ ఉంచుకోవచ్చని ఒప్పుకుంది. బంగారం, వెండి ముట్టుకోకూడదన్న నియమావళి సానరాయిని మాత్రం పేరుపెట్టి మరీ అనుమతించింది.

అదే బౌద్ధం గృహస్థులకు ఐదు వ్యాపారాలు వద్దంది: ఆయుధాలు, ప్రాణులు, మాంసం, మత్తు, విషం. అంగుత్తరనికాయలో ఉందీ జాబితా. అంటే గీత ఎక్కడ గీశారో స్పష్టమే. పదును మీద గీయలేదు, అమ్మకం మీద గీశారు. నీ కత్తికి నువ్వు సాన పెట్టుకో. ఎవరి చేతికి వెళ్తుందో తెలియని కత్తులతో బతుకుతెరువు చూసుకోకు.

జైనులు ఇంకో అడుగు వేశారు. విజయనగరం దగ్గర రామతీర్థం కొండల మీద బౌద్ధుల శిథిలాలతో పాటు జైనుల విగ్రహాలూ ఉన్నాయి. జైన గృహస్థుడి వ్రతాల్లో ‘అనర్థదండం’ మానడం ఒకటి, అంటే అవసరం లేని కీడు చెయ్యకపోవడం. అందులో హింసాదానం ఒక రకం: హింసకు పనికొచ్చే వస్తువును ఇతరులకు ఇవ్వడం. సమంతభద్రుడి రత్నకరండ శ్రావకాచారం ఆ వస్తువుల్లో గొడ్డలి, కత్తి, నిప్పు, విషం, సంకెళ్ళతో పాటు మట్టి తవ్వే పనిముట్టును కూడా చేర్చింది. ఆ లెక్కన పక్కింటికి కత్తిపీట ఎరువిచ్చినా ఆలోచించాల్సిందే. మన ఇళ్ళలో కత్తి చేతికి ఇవ్వకుండా కింద పెట్టి తీసుకోమంటారు, ఇస్తే తగవులొస్తాయని. పెద్దగా శాస్త్రం లేని ఆచారమే గానీ, వేళ్ళు తెగకుండా కాపాడిన ఆచారం.

జైనుల పట్టింపు మరీ అతి అనిపించేవాళ్ళు బొబ్బిలిని తలుచుకోవచ్చు. 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగుల సాయంతో విజయనగరం రాజు విజయరామరాజు బొబ్బిలి కోటను పడగొట్టాడు. తర్వాత బొబ్బిలి పక్షాన తాండ్ర పాపారాయుడు ఆ విజయరామరాజు గుడారంలోకి చొరబడి కత్తితో పొడిచి చంపాడు. బుర్రకథల్లో పాపారాయుడికి వీరుడి పీట దక్కింది. ఆ కత్తికి సాన పెట్టిన కమ్మరిని తలుచుకునేవాళ్ళు లేరు, మంచికీ చెడుకీ కూడా. లోకం తీర్పు బౌద్ధుల వైపూ లేదు, జైనుల వైపూ లేదు. పట్టుకున్నవాడిదే అంతా.

ఇక పద్ధతుల సంగతి. ఈ భాగం కొంచెం నిదానంగా చూడాలి, ఎందుకంటే పై వాదాలన్నిటికీ తీర్పు ఇక్కడే ఉంది.

కళింగపట్నం ఇసుక ఒక్క రంగులో ఉండదు. అల వెనక్కి తగ్గిన చోట నల్లటి చారలు, వాటి పక్కన ఎర్రటి చారలు కనిపిస్తాయి. నలుపు ఎక్కువగా ఇల్మెనైట్. ఎరుపు గార్నెట్. తూర్పు కనుమల్లోని ఖోండలైట్ అనే శిల అరిగి అరిగి, నదులూ వాగులూ మోసుకొచ్చి సముద్రానికి ఇస్తే, సముద్రం తూకం ప్రకారం వేరుచేసి ఒడ్డున పరిచింది. మోహ్స్ కొలతలో గార్నెట్ గట్టిదనం 6.5 నుంచి 7.5 దాకా ఉంటుంది, మామూలు కత్తి ఉక్కు కంటే ఎక్కువ. అందుకే గరుకు కాగితానికీ, నీటిధారతో లోహాన్ని కోసే యంత్రాలకూ దీన్ని వాడతారు. బెల్జియంలో శతాబ్దాలుగా పేరున్న పసుపుపచ్చ సానరాయిలో కోసే పని చేసేది కూడా సన్నటి గార్నెట్ రేణువులే. చేపలు కోసేవాళ్ళు కాలు పెట్టుకు కూర్చున్న ఇసుకలోనే సానకు కావలసిన సరుకు ఉందన్నమాట. ఇసుక తెచ్చి కత్తికి రుద్దమని కాదు. రేణువులన్నీ ఒక సైజులో ఉండి, గట్టిగా పట్టి ఉంటేనే అది సానరాయి అవుతుంది.

హార్డ్‌వేర్ కొట్లో దొరికే నల్లటి లేదా బూడిదరంగు రాయి గార్నెట్ కాదు, కార్బొరండం. 1891లో అమెరికాలో ఎడ్వర్డ్ అచిసన్ విద్యుత్ కొలిమిలో తయారుచేసిన సిలికాన్ కార్బైడ్. ఒక వైపు గరుకు, రెండో వైపు నునుపు. నంబరు పెరిగేకొద్దీ రేణువు సన్నబడుతుంది. అంచు పెచ్చులూడిన కత్తికి 400, రోజువారీ కత్తికి 1000, అంతకు మించిన నునుపు కావాలంటే 3000. ఇంటికి 400, 1000 కలిసిన ఒక్క రాయి చాలు. 3000 దాకా వెళ్ళేవాళ్ళు వంటకంటే కత్తిని ఎక్కువ ప్రేమిస్తున్నట్టు లెక్క.

రాయిని తడిపి, కింద తడిగుడ్డ వేసి కదలకుండా పెట్టాలి. కత్తిని రాయి మీద 15 నుంచి 20 డిగ్రీల వాలులో ఉంచాలి. కోణమానిని అక్కర్లేదు. కత్తిని నిటారుగా నిలబెడితే 90, సగానికి వంచితే 45, దానిలో సగం 22, ఇంకాస్త దించితే చాలు. ఆ వాలు మారకుండా మడమ నుంచి మొన దాకా నెమ్మదిగా తొయ్యాలి. కాసేపటికి రెండో వైపు అంచున గోరు పక్కన లేచిన పొరలా సన్నటి కరుకు తగులుతుంది. బొటనవేలిని వాదరకి అడ్డంగా, బయటికి జార్చి చూస్తేనే అది తెలుస్తుంది. వాదర వెంట జారిస్తే తెలిసేది నెత్తురే. ఆ కరుకు ఒక వైపు పూర్తిగా లేచాకే రెండో వైపు తిప్పాలి. చివర్లో బరువు వెయ్యకుండా అటొకసారి ఇటొకసారి తిప్పుతూ దాన్ని రాల్చెయ్యాలి. రాయి మీద నల్లటి బురద చేరుతుంది. అది కడిగెయ్యాల్సిన మురికి కాదు. దానిలో రాయి రేణువులూ, కత్తి నుంచి పోయిన ఇనుమూ ఉంటాయి, పని కూడా చేస్తాయి.

కత్తిపీటకి ఇది అంత తేలిక కాదు. కత్తి పీటకి బిగించి ఉంటుంది, వాదర లోపలికి వంగి ఉంటుంది. రాయే కత్తి దగ్గరికి రావాలి. బల్లపరుపు రాయి ఆ వంపులో కూర్చోదు. గుండ్రటి అంచున్న చిన్న రాయి గానీ, ఒక వైపు ఉబ్బుగా ఉన్న ఆకురాయి గానీ కావాలి. ఒడ్డున ఆడవాళ్ళు అరచేతి రాయి వాడటంలో లెక్క ఉంది.

వీధిలోకి సైకిలు మీద వచ్చే సానబండిది వేరే దారి. పెడల్ తొక్కితే చక్రం తిరుగుతుంది, నిప్పురవ్వలు లేస్తాయి, పిల్లలు చుట్టూ చేరతారు. అయిదు నిమిషాల్లో కత్తి వెంట్రుకను తెగ్గొట్టేంత పదునెక్కుతుంది. కత్తెరలకి అతనికి సాటి లేరు. కానీ నీళ్ళు తగలని చక్రం మీద పల్చటి అంచు వేడెక్కుతుంది. ఉక్కు 200 డిగ్రీలు దాటితే గడ్డిరంగు తేలుతుంది, 300 దగ్గర నీలం తిరుగుతుంది. నీలం తిరిగిందంటే కమ్మరి కొలిమిలో కాల్చి నీళ్ళలో ముంచి ఎక్కించిన గట్టిదనం అక్కడ దిగిపోయినట్టే. అలాంటి అంచు ఎంత పదునెక్కినా వారం నిలవదు. అనుభవమున్న సానవాడు ప్రతి రెండు లాగులకీ నీళ్ళలో ముంచుతాడు. అది చూసి కత్తి చేతికివ్వచ్చు.

ఆన్‌లైన్ పరికరంలో రెండు గట్టి పలకల మధ్య కత్తిని లాగుతారు. అది నూరదు, గీరుతుంది. ఇనుము దండిగా పోతుంది, అంచు రంపంలా మిగులుతుంది. మంచి హోటలు వంటవాళ్ళు బొడ్లో పెట్టుకునే ఉక్కు కడ్డీ వీటిలో చేరదు. అది వంగిన అంచును నిలబెట్టడానికి, పదును కొత్తగా పుట్టించడానికి కాదు. ఇక ఏ ఖర్చూ లేనిది జాడీ. ఆవకాయ జాడీ అడుగున మెరుపు పూత లేని గరుకు వలయం ఉంటుంది. పింగాణీ ఉక్కు కంటే గట్టిది. టీ కప్పు అడుగు కూడా అదే పని చేస్తుంది. గ్రానైట్ గట్టు అంచున గీరడం మాత్రం అలవాటే తప్ప పద్ధతి కాదు. వాలు నిలవదు, అంచు గుండ్రమవుతుంది.

ఇప్పుడు పాపం దగ్గరికి. మంచి పదునున్న అంచు మందం ఒక మైక్రాన్‌కి అటూ ఇటూ ఉంటుంది. చేతి బరువంతా ఆ సన్నటి గీత మీద పడుతుంది కాబట్టి కొద్ది బలానికే తెగుతుంది. మొండి కత్తికి ఆ బలం ఎన్నో రెట్లు కావాలి. ఆ అదనపు బలం ఎక్కడికి పోతుంది? టమాటా చితకడంలోకి, ఉల్లిపాయ కణాలు పగిలి కళ్ళు మండటంలోకి, పక్కకి జారి వేలు తెగడంలోకి. హింస అంటే బలప్రయోగం అనుకుంటే, హింస ఎక్కువ ఉన్నది మొండి కత్తిలోనే.

ఈ సంగతి అందరికంటే బాగా పట్టుకున్నవి ప్రాణి తెగే చోట నియమాలు పెట్టిన మతాలే. సహీహ్ ముస్లింలో నమోదైన హదీసు ప్రకారం ప్రతి పనినీ చక్కగా చెయ్యడం దైవాజ్ఞ. జబహ్ చేసేవాడు, అంటే ప్రాణిని కోసేవాడు, కత్తికి పదును పెట్టుకుని ప్రాణికి బాధ తగ్గించాలి. ఆ ప్రాణి కళ్ళ ముందే సాన పెట్టవద్దని ఇంకో కథనం. బక్రీదుకి ముందు కత్తులు నూరించుకోవడం ఈ లెక్కన ఆరాధనలో భాగమే. యూదులు ఇంకా కచ్చితం. వాళ్ళ కసాయి తన కత్తి వాదరను గోటితో తడిమి చూస్తాడు, ముందూ వెనకా. వేటు పడ్డాక చిన్న గంటు కనిపించినా ఆ మాంసం పనికిరాదు. మన జాతరల్లో వేట తల ఒక్క దెబ్బకే తెగాలన్న పట్టుదల, తెగకపోతే అరిష్టమన్న భయం కూడా ఇదే తెలివి, భయం భాషలో చెప్పింది. 1950 చట్టం గుళ్ళలో జంతుబలిని నిషేధించింది. జాతరల దగ్గర ఆ నిషేధం ఎంతవరకు సాగిందో ఊళ్ళవాళ్ళకి తెలుసు.

వీటిలో ఏ నియమమూ చంపడాన్ని ఒప్పు చెయ్యదు. చంపడం ఎలాగూ జరిగే చోట బాధను తగ్గించమంటుంది, అంతే. ఆ తేడా మరిచిపోతే పదును అన్నిటికీ సాకవుతుంది. మహాభారతం అరణ్యపర్వంలో ధర్మవ్యాధుడు ఆ సాకు చెప్పడు. కౌశికుడనే బ్రాహ్మణుడు ధర్మం తెలుసుకోవడానికి మిథిలలో ఒక మాంసం కొట్టుకు వెళ్ళాల్సి వస్తుంది. నేను చంపను, చంపినదాన్ని అమ్ముతాను, ఇది మంచి పనేమీ కాదు అని వ్యాధుడు ముందే ఒప్పుకుంటాడు. ఆ తర్వాతే నాగలి కింద ఎన్ని ప్రాణులు చస్తాయో, గింజల్లో ఎంత ప్రాణముందో అడుగుతాడు. పూర్తిగా హింస లేని చెయ్యి లోకంలో లేదన్నది అతని మాట. బౌద్ధులు వద్దన్న వ్యాపారాల్లో ఒకటి చేసేవాడి నోటే మహాభారతం ధర్మం చెప్పించింది. ఆ ధైర్యం ఈ దేశంలో తక్కువ గ్రంథాలకు ఉంది.

ఇంకో వైపు కూడా చూడాలి. పదును పెట్టిన ప్రతిసారీ కత్తి కొంచెం పోతుంది. శ్రీకాకుళం పాత ఇళ్ళలో ముప్పై నలభై ఏళ్ళు వాడిన కత్తిపీట చూస్తే వెడల్పాటి కత్తి సగానికి సగం తగ్గి కొక్కెంలా మిగిలి ఉంటుంది. ఏ రోజు ఎంత పోయిందో చెప్పలేరు. సంయుత్తనికాయలో ఒక సూత్రం సరిగ్గా ఈ మాటే చెబుతుంది. వడ్రంగి తన బాడిస పిడి మీద వేళ్ళ అచ్చులు పడి ఉండటం చూస్తాడు. ఇవాళ ఇంత అరిగింది, నిన్న అంత అరిగింది అని తెలియదు. అరిగిందని మాత్రం తెలుస్తుంది. మనసులోని మలినాలు తరగడమూ అలాగే అంటుంది. ఆ సూత్రంలోనే వెంటనే ఓడ వస్తుంది: ఆరు నెలలు సముద్రంలో తిరిగి, చలికాలంలో ఒడ్డుకు లాగిపెడితే ఎండకీ గాలికీ, తర్వాత వానకీ దాని కట్లు వదులైపోతాయి. ఒడ్డున లాగిన పడవలూ, అరిగిన పిడులూ ఎదురుగా ఉన్న వంశధార రేవు భిక్షువులకు ఈ బోధ ప్రత్యేకంగా విప్పి చెప్పాల్సిన పని ఉండి ఉండదు.

చైనా తత్వవేత్త జ్వాంగ్‌జి గ్రంథంలోని డింగ్ అనే వంటవాడు మాత్రం ఈ అరుగుదలను ఒప్పుకోడు. మంచి వంటవాడు ఏడాదికో కత్తి మారుస్తాడు, మామూలు వంటవాడు నెలకొకటి. తను పందొమ్మిదేళ్ళుగా ఒకే కత్తితో వేల ఎద్దులను కోశాననీ, అది ఇప్పుడే సానరాయి మీంచి తీసినట్టుందనీ రాజుతో అంటాడు. ఎముకకు తగలకుండా కీళ్ళ మధ్య ఖాళీలోంచి పోనిస్తాడట. అద్భుతమైన కథే. చేపలు కోసేవాళ్ళకి చెబితే నవ్వుతారు. కోనెం వెన్నెముకలో ఖాళీ వెతుక్కుంటూ కూర్చుంటే ముందు మధ్యాహ్నం గడిచిపోతుంది.

సాన అసలు అక్కర్లేని పనిముట్టు కావాలంటే శ్రీకాకుళం జిల్లాలోనే పొందూరు ఉంది. అక్కడ ఖద్దరు నేతకు పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. సన్నటి పళ్ళు పత్తిలోంచి పోగును విడదీస్తాయి. ఆ పళ్ళను ఎవరూ నూరరు. అరిగితే ఇంకో దవడ. అహింసకు గుర్తుగా దేశం కట్టుకున్న బట్టలో చేప దవడ ఉందన్న సంగతి ధర్మవ్యాధుడికి చెబితే ఆశ్చర్యపోయేవాడు కాదు.

పద్ధతి విషయంలో తీర్పు చెప్పమంటే చేతిరాయికే చెప్పాలి. మంచి జ్ఞాపకాల కోసం కాదు. మిగతావాటికంటే అది తక్కువ ఇనుము తింటుంది, వేడి పుట్టించదు, వాలు తప్పినప్పుడు వెంటనే చేతికి చెబుతుంది. పదును పెడుతున్నవాడికి తాను దేనికి పదును పెడుతున్నాడో ఆలోచించుకునే పది నిమిషాలు కూడా ఇస్తుంది. చక్రం ఆ పది నిమిషాలు ఇవ్వదు, వీధిలో వాడికి ఇచ్చేస్తే అసలే ఉండవు. కత్తెరలకి సానబండి, అంచు ఊడిన కత్తికి ఏడాదికొకసారి కమ్మరి, మిగతా రోజులకి రాయి లేదా జాడీ అడుగు. చీలికల పరికరం ఉంటే అటక మీద పెట్టెయ్యొచ్చు.

దసరాకి ఈ లెక్కలన్నీ ఒకచోట చేరతాయి. ఆయుధపూజ నాడు కమ్మరి సుత్తి, వడ్రంగి బాడిస, లారీ స్టీరింగు, వంటింటి కత్తిపీట అన్నిటికీ పసుపు కుంకుమ పెడతారు. కొట్ల ముందు బలికి బదులుగా బూడిద గుమ్మడికాయకి పైన కన్నం కోసి, లోపల కుంకుమ పోసి పగలగొడతారు. ఆ కన్నం కొయ్యడంలోనే ఏటా వేళ్ళు తెగేది. కాయ తొక్క గట్టిది, గుండ్రంగా జారుతుంది, కత్తి చూస్తే ఏడాదిగా సొరుగులో పడి ఉన్నది. సాన ముందు రోజే పెట్టుకోవాలి, 1000 నంబరు వైపు చాలు. పూజ అయ్యాక ఆ పసుపు తడి తుడవకుండా వదిలేస్తే కార్బన్ స్టీలు కత్తికి, అందులోనూ ఉప్పుగాలి ఉన్న ఊళ్ళో, తెల్లారేసరికి తుప్పు మచ్చలు వస్తాయి. పొడిగుడ్డతో తుడిచి, వాదరకి రెండు చుక్కల కొబ్బరినూనె రాసి పెట్టాలి.